ఈతకొలనుకు నూట ఇరవై బస్తాల రాగి

ఎండగుంట అని ఆ ఊరికి పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ముందుచూపు ఉన్నవాడు. ఊళ్లో ఎండకు లోటు లేదు, గుంటలకూ లోటు లేదు. కొళాయిలో నీళ్లు మాత్రం మూడు రోజులకొకసారి వస్తాయి. రాయలసీమ నడిబొడ్డున ఉన్న అలాంటి ఊరికి మున్సిపాలిటీ వాళ్లు ఈతకొలను కట్టించారు. ఎందుకని అడక్కండి. పైవాళ్లు మంజూరు చేశారు, కిందివాళ్లు కట్టారు. మధ్యలో ఆగి ఆలోచించడానికి ఎవరికీ అధికారం లేదు.

ఆ కొలనుకు ఆపరేటరు పైడిరాజు. కోచ్ కూడా అతనే, కాపలా కూడా అతనే, చీపురు కూడా అతనిదే. విజయనగరం జిల్లాలో చీపురుపల్లి పక్క నుంచి పద్దెనిమిదేళ్ల కిందట వచ్చాడు. సీమ ఎండకు మనిషి మాడి మసైపోయాడు గానీ, మాట మాత్రం రవ్వంత మారలేదు. పొద్దున్నే ఐదున్నరకల్లా గట్టు మీద వంగి, పన్నెండు అడుగుల లోతున ఉన్న పగిలిన పలక వంక చూస్తాడు. ఆ పలక మీద బీట ఏడు కొమ్మలుగా చీలి ఉంటుంది. ఏడూ కళ్లకు ఆనితే నీళ్లు బాగున్నట్టు. ఆరే కనబడ్డాయా, ఆ రోజు పైడిరాజుకు ఇడ్లీ కూడా గొంతు దిగదు.

ఆరు గంటలకు లేడీస్ బ్యాచ్ వస్తుంది. ఊరు దానికి మోకాళ్ల బ్యాచ్ అని పేరు పెట్టింది. పద్నాలుగు మంది, అందరివీ అరిగిన కీళ్లే. వాళ్లకు నాయకురాలు కుళ్లాయమ్మ, అరవై మూడేళ్ల మనిషి. బస్టాండు ఎదురుగా సంగటి మెస్సు నడుపుతుంది. నలభై ఏళ్లు పొయ్యి ముందు నిలబడి సంగటి కెలికీ కెలికీ ఆమె మోకాళ్లు రెండూ పోయాయి. ఆపరేషను చేయించుకో, లేదంటే రోజూ నీళ్లలో నడువు అన్నాడు డాక్టరు. కత్తి పేరు చెబితేనే ఆమెకు కళ్లు తిరుగుతాయి కాబట్టి నీళ్లలో దిగింది. గట్టు దాకా చేతికర్ర. ఆ తర్వాత కర్ర గట్టు మీద, ఆమె లోతు తక్కువ వైపు రొమ్ము దాకా వచ్చే నీళ్లలో.

"నీళ్లల్లో నడుస్తాంటే నాకు ముప్పై ఏండ్లప్పా రాజూ," అంటుంది రోజూ. "గట్టెక్కితే మళ్లా అరవై మూడు."

ఆ మాట విన్నప్పుడల్లా పైడిరాజుకు కడుపు నిండిపోతుంది. తన బతుకులో ఒక మంచి పని చేస్తున్నానని అతనికి నమ్మకం కలిగేది ఆ ఒక్క గంటే. ఆ కొలను మీద కన్నేసినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారని కూడా అతనికి తెలుసు. కొలను పూడ్చేసి ఫంక్షను హాలు కడదామని కౌన్సిల్లో ఇప్పటికి రెండుసార్లు మాటొచ్చింది. 'నీళ్లు బాగాలేవు' అని ఒక్కటంటే ఒక్క రిపోర్టు వస్తే చాలు, మర్నాడే మట్టి లారీలు దిగుతాయి. కుళ్లాయమ్మ నడక ఆ ఏడు కొమ్మల బీట మీద ఆధారపడి ఉందని చెప్పినా అబద్ధం కాదు.

మే నెల మొదట్లో ఆ సర్క్యులరు వచ్చింది.

"విషయము: ఈతకొలనులు, స్నానఘట్టములు – జలశుద్ధి – క్లోరిను వినియోగము తక్షణ నిలుపుదల – ప్రత్యామ్నాయ పద్ధతుల అమలు – గూర్చి."

దీని వెనక కథేమిటంటే, పైన ఎక్కడో ఒక పెద్దాయన ఈత కొట్టి కళ్లు ఎర్రగా చేసుకుని ఇంటికి వెళితే, వాళ్లావిడ "ఎక్కడ తాగొచ్చారు?" అని తలుపు వేసిందట. మర్నాటి నుంచి రాష్ట్రమంతటా కొలనుల్లో క్లోరిను బందు. అసలు సర్క్యులరు ఇంగ్లీషులో తయారైంది. అప్పుడు తెలుగు అమలు వారోత్సవం నడుస్తోంది కాబట్టి, పంపేముందు ఎవరో శ్రద్ధగా తెలుగు చేశారు. అదే నెలలో చిరుధాన్యాల మాసోత్సవం కూడా నడుస్తోంది. ఉత్సవాలు రెండూ ఎదురెదురుగా వచ్చి ఎండగుంట దగ్గర గుద్దుకున్నాయి.

కమిషనరు ఓబుళపతి సమావేశం పెట్టాడు. ఆయన పక్కనే ఫైళ్ల కట్టతో సూపరింటెండెంటు పెంచలయ్య. ఎదురుగా చేతులు కట్టుకుని పైడిరాజు.

"ప్రజారోగ్య పరిరక్షణ దృష్ట్యా," గొంతు సవరించుకున్నాడు కమిషనరు, "మనకు నాలుగు ప్రత్యామ్నాయాలు నిర్దేశించారు. మొదటిది చదవండి."

"మొదటిది, ‘ఓజోను ద్వారా శుద్ధి చేయించవలెను’ అని ఉండాది సార్," అన్నాడు పెంచలయ్య. "మన మున్సిపాలిటీలో ఏ నుంచి ఎఫ్ దాకానే జోన్లు. ఓ జోను రావల్లంటే మధ్యలో ఇంకా ఎనిమిది జోన్లు మంజూరు కావల్ల. ఎనిమిది మంది జోనల్ ఆఫీసర్లు, ఎనిమిది జీపులు."

"ప్రస్తుతానికి ఆచరణసాధ్యం కాదు. ప్రతిపాదనలు మాత్రం పంపండి, జీపులతో సహా. రెండోది?"

"అతినీలలోహిత కిరణాలచేత శుద్ధి, సార్. నీల అని పన్నుల సెక్షన్లో ఒకామె ఉండాది. లోహిత అని మన దగ్గర ఎవరూ లేరు. కిరణ్ మెడికల్ లీవు."

"‘అతి’ అని ఎందుకు రాసినట్టు?"

"ఆ నీల కొంచెం అతే సార్. ఆ సంగతి పైదాకా పోయినట్టుండాది."

పైడిరాజు నోరు తెరవబోయాడు. పెంచలయ్య కన్నెర్ర చేశాడు.

"మూడోది, రాగి. నాలుగోది, ఉప్పు."

రాగి అన్న మాట చెవిన పడగానే కమిషనరు ముఖం సంగటి ముద్దలా నిగనిగలాడింది. చిరుధాన్యాల మాసోత్సవం మొదలై పదిహేను రోజులైంది. అన్ని ఊళ్లూ ర్యాలీలు తీసి ఫొటోలు పంపాయి. ఎండగుంట పద్దు కింద ఇంకా సున్నాయే ఉంది.

"రాగి!" అన్నాడు పరవశంగా. "చూశారా పెంచలయ్యా, పైవాళ్ల దూరదృష్టి? మన సీమ పంట! ఒంటికి చలువ. రక్తశుద్ధి చేసేది నీటిశుద్ధి చేయదా? ఒకే కార్యక్రమంతో రెండు లక్ష్యాలు! ఉప్పు సంగతి తర్వాత. ఎప్పుడైనా రాగి తర్వాతే ఉప్పు."

ఇక పైడిరాజు వల్ల కాలేదు.

"అది కాదండి బాబూ! రాగంటే రాగేనండి. బిందిలు సేత్తారు, సెంబులు సేత్తారు, ఆ రాగండి. తినీదాన్ని మా కాడ సోళ్లంటారండి."

కమిషనరు కళ్లద్దాలు తీసి జాలిగా చూశాడు.

"ఏమంటారూ?"

"సోళ్లండి. సోడంబలి, సోడి జావ..."

"చోళ్లు!" కమిషనరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి పెంచలయ్యా నవ్వాడు. "ఇంత గొప్ప ధాన్యానికి సరైన పేరైనా పెట్టుకోని ప్రాంతం నుంచి వచ్చి, రాగి అంటే ఏమిటో సీమవాళ్లకు చెబుతున్నావా పైడిరాజూ? వెళ్లు, వెళ్లి కొలను సిద్ధం చెయ్యి."

తిట్టినా పైడిరాజు ఊరుకునేవాడు. వాళ్లమ్మ చేతి అంబలిని వెక్కిరించినట్టుగా ఆ నవ్వు నవ్వేసరికి చెవులు కాలిపోయాయి. బయటికి వచ్చేశాడు.

ఇక మోతాదు సంగతి. పది లక్షల భాగాల నీటికి సున్నా పాయింటు మూడు భాగాలు వేయాలని సర్క్యులరులో ఉంది. కొలనులో పట్టేది నాలుగు లక్షల లీటర్లు. పెంచలయ్య రెండు రోజులు కుస్తీపట్టి నూట ఇరవై గ్రాములని తేల్చాడు. లెక్క తప్పలేదు, మహా ఖచ్చితం. చిక్కల్లా అక్కడే వచ్చింది.

"నూట ఇరవై గ్రాములకి ఫైలు పెడితే మనల్ని ఎవరైనా మనుషులంటారా?" అన్నాడు ఇంజినీరు. ఆఫీసు మర్యాద కోసం గ్రాములు కొట్టేసి కిలోలు రాశాడు. ఫైలు కమిషనరు బల్ల మీదికి వెళ్లింది. కిలోల్లో కొనేది వంటింటికి, ప్రభుత్వం బస్తాల్లో కొంటుంది అని ఆయన కిలోలు కొట్టేశాడు. నూట ఇరవై అనే అంకె జోలికి మాత్రం ఎవరూ పోలేదు. లెక్కలో వేలుపెట్టే అలవాటు ఆ ఆఫీసులో ఎవరికీ లేదు.

అలా నూట ఇరవై బస్తాల రాగి పిండి వచ్చి ఈతకొలను గేటు ముందు దిగింది. బస్తాకు యాభై కిలోలు, మొత్తం ఆరు టన్నులు.

ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. మైకు పెట్టారు. 'రాగి రక్ష – జల శుద్ధి' అని బ్యానరు కట్టారు. కమిషనరు మొదటి దోసిలి పిండిని భక్తిగా నీళ్లలో వదిలాడు. ఫొటోగ్రాఫరు ఇంకోసారి అంటే ఇంకోసారి వదిలాడు. తర్వాత కూలీలు మిగతా ఆరు టన్నులూ కుమ్మరించారు. నీళ్లు మొదట టీ రంగుకు తిరిగాయి, తర్వాత ఇటుక రంగుకు, ఆ తర్వాత అది ఏ రంగో చెప్పడానికి కింద నీళ్లు కనబడితేగా! పగిలిన పలక, ఏడు కొమ్మలు, పన్నెండు అడుగుల లోతు, అన్నీ పిండి కింద మాయమైపోయాయి. పైడిరాజు గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఫొటో కూడా పేపర్లో పడింది. కింద 'ఆనందబాష్పాలు రాలుస్తున్న సిబ్బంది' అని వేశారు.

మర్నాడు ఆరు గంటలకు మోకాళ్ల బ్యాచ్ వచ్చింది. కుళ్లాయమ్మ గట్టు మీద కర్ర ఆనించి నిలబడి, ఇటు నుంచి అటు దాకా చూసింది. నలభై ఏళ్ల అనుభవం ఆమెది. ఒక్క చూపుతో అంతా అర్థమైపోయింది.

"ఎవురప్పా ఇట్ల జేసిండేది? పిండి ముందర చన్నీళ్లల్లో కలపల్ల, తర్వాత ఎసట్లో పొయ్యల్ల. వుండలు గట్టె సూడు! మా మెస్సులో ఎవురన్నా ఈ పని జేసింటే తెడ్డు తిరగేసి కొడుదును."

"అమ్మా, నాను సెప్పానమ్మా. ఇనలేదు," అన్నాడు పైడిరాజు.

"నడిచేదానికైతాదా?"

"మీరు దిగితే మళ్లీ తీడానికి గరిటి కావాలమ్మా."

ఆమె నవ్వింది గానీ, వెంటనే ముఖం మాడిపోయింది. పద్నాలుగు మంది ఆడవాళ్లూ వచ్చిన దారినే వెనక్కి నడిచారు. కుళ్లాయమ్మ కర్ర చప్పుడు వీధి చివరి దాకా వినిపించింది. పైడిరాజు చెవులు మూసుకుందామనుకుని మూసుకోలేదు. వినాలి, ఇది నాకు పడాల్సిందే అనుకున్నాడు.

మే నెల ఎండ ఊరికే ఉంటుందా? నాలుగో రోజుకు కొలను పులిసింది, బుడగలు లేచాయి. వాసన బస్టాండు దాకా కొట్టింది. పైడిరాజు పరుగున ఆఫీసుకు వెళ్లి చెబితే కమిషనరు హడావుడిగా వచ్చి చూసి మురిసిపోయాడు.

"బుడగలు! శుద్ధి ప్రక్రియ ప్రారంభమైనదని నమోదు చేయండి."

ఆరో రోజున పొద్దున ఆరింటికి ఎనుములు వచ్చాయి. పక్క పేటలోంచి వాసన పట్టుకుని, గేటు నెట్టుకుని, పందొమ్మిది పాడి ఎనుములు బారుగా వచ్చి కొలనులో దిగాయి. తాగుతూ ఈదాయి, ఈదుతూ తాగాయి. పైడిరాజు కర్ర పట్టుకుని వెంటపడితే పెంచలయ్య ఆపాడు. "నిబంధన చూడకుండా ఎవుర్నీ బయటికి పంపేదానికి లేదు పైడిరాజూ. ఉదయం ఆరు నుంచి ఏడు వరకు ఆడవారికి మాత్రమే అని బోర్డు ఉండాది. ఇవన్నీ ఆడవే." వాటి వెనకే ఒక దున్నపోతు వచ్చింది. దాన్ని గేటు దగ్గరే నిలిపేశారు. నిబంధన అంటే నిబంధనే. ఆ వారం నివేదికలో 'మహిళా విభాగమునందు హాజరు పద్నాలుగు నుండి పందొమ్మిదికి పెరిగినది' అని రాసి పంపారు.

ఇలా నలభై రోజులు గడిచాయి. ఆ నలభై రోజుల్లో కుళ్లాయమ్మ మెస్సులో పొయ్యి దగ్గర నిలబడటం మానేసి, స్టూలు మీద కూర్చుని కెలకడం మొదలుపెట్టింది. తర్వాత అదీ చేతకాక పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. పైడిరాజు రోజూ మధ్యాహ్నం అక్కడే తినేవాడు. ఆమె కాళ్ల వంక చూసినప్పుడల్లా ముద్ద మింగుడుపడేది కాదు.

జూన్ ఆఖర్లో తనిఖీ వచ్చింది.

వచ్చినావిడ జాయింటు డైరెక్టరు, పేరు మందాకిని. జీపు దిగుతూనే ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది. కొలను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా ఉద్యోగధర్మం తప్పలేదు. సంచీలోంచి పరీక్ష పట్టీలు తీసి ఒకటి ముంచింది.

"క్లోరిను సున్నా. మంచిది."

కమిషనరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆవిడ ఇంకో పట్టీ ముంచింది, తీసి ఎండలో పట్టుకుని చూసింది.

"రాగి కూడా సున్నా."

"క్షమించాలి మేడమ్, ఏమన్నారు?"

"ఈ నీళ్లలో రాగి లేదండీ. బొత్తిగా లేదు."

"లేదా!" కమిషనరు గొంతు కీచుమంది. "మేడమ్, మీ చెప్పులకు అంటుకున్నదేమిటి? ఆ ఎనుముల మూతులకు ఉన్నదేమిటి? ఆరు టన్నుల రాగి మేడమ్! ఆరు టన్నులు!"

"ఆరు టన్నులా? అంత రాగి వేస్తే మనుషులు చస్తారండీ!"

"చావరు మేడమ్, బలిసిపోతారు! ఇనుము ఉంటుంది, కాల్షియం ఉంటుంది!"

"రాగిలో ఇనుమెందుకు ఉంటుందండీ?"

"రాగిలో ఇనుము ఉంటుందని మీ గోడ పోస్టరులోనే ఉంది మేడమ్!"

మందాకిని వంగి, గట్టు మీద ఎండిపోయిన పెచ్చు ఒకటి గోటితో గీకి, వాసన చూసింది. ఆవిడ కళ్లు మెల్లమెల్లగా పెద్దవయ్యాయి.

"కమిషనరు గారూ, ఇది పిండా?"

"రాగి పిండి మేడమ్. జల్లెడ పట్టించింది."

ఆవిడ "అబ్బా!" అంటూ మోకాలు పట్టుకుని కుర్చీలో కూలబడింది. "కాపరండీ! కాపర్! బిందెలు చేసే రాగి!"

అందరి తలలూ ఒక్కసారి పైడిరాజు వైపు తిరిగాయి. పెంచలయ్య మాత్రం తొణకలేదు. "ఆ మాట మా ఆపరేటరు ముందే చెప్పినాడు మేడమ్, కాకపోతే నోటిమాటగా. రాతపూర్వకంగా ఇయ్యలేదు కాబట్టి మాకు తెలిసినట్టు కాదు."

మందాకిని తిట్టలేదు, కేకలూ వేయలేదు. కాగితం తీసి 'కొలను తక్షణమే మూసివేయదగినది' అని రాయడం మొదలుపెట్టింది. గేటు బయట కౌన్సిలు వాళ్లు ఇద్దరు అప్పుడే ఫంక్షను హాలుకు కొలతలు మాట్లాడుకుంటున్నారు.

అప్పుడు కర్ర చప్పుడైంది. అంతసేపూ గేటు దగ్గర నిలబడి చూస్తున్న కుళ్లాయమ్మ ముందుకు వచ్చింది. వెనకాల మిగతా పదముగ్గురు.

"ఒక్క నిమిషం తల్లీ. నువ్వు కూర్చునేటప్పుడు అబ్బా అంటివే, నీకూ మోకాళ్లేనా?"

మందాకిని కలం ఆగింది. "రెండేళ్లుగా అమ్మా. కుడిది."

"నాకు రెండూ. ఈ నీళ్లు బాగుండేటప్పుడు నేను అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొసకి ఇరవైసార్లు నడుస్తాంటి. ఇప్పుడు మంచం నుంచి స్నానానికి బచ్చలింటికి పోవల్లంటే ఒక మనిషి కావల్ల. నీ మాదిరి చదువుకున్నోళ్లు రాగి అన్యారు, మావోళ్లు రాగి అన్యారు, నడుమ నా కాళ్లు పోయె. పదైదు దినాలియ్యి. నీ రాగి నేను తెస్తా."

ఆవిడ కుళ్లాయమ్మ కాళ్ల వంక చూసింది, తన మోకాలి వంక చూసుకుంది. 'తక్షణమే' అన్న మాట కొట్టేసి 'పదిహేను దినముల పిమ్మట' అని రాసింది.

ఇక చూడాలి ఆ పదిహేను రోజుల హడావుడి! పైడిరాజు జావంతా మోటారు పెట్టి పొలాలకు తోడించాడు. ఎనుములు కాలవ వెంబడే సాగిపోయాయి. కొలను అడుగున మిగిలిన మడ్డిని మోకాళ్ల బ్యాచ్ వాళ్ల కొడుకులూ అల్లుళ్లూ పారలతో ఎత్తిపోశారు. గోడలు కడిగారు, ఫిల్టరులో ఇసుక మార్చారు, బోరు వేసి నీళ్లు నింపారు. మరి రాగో? స్టీలు వచ్చాక అటకెక్కిన రాగి ఎంత ఉందో ఆ ఊరికే తెలియదు. కుళ్లాయమ్మ మెస్సు ముందు కూర్చుని ఒక్క కేక వేసింది. బిందెలు దిగాయి, చెంబులు దిగాయి, పెళ్లినాటి గంగాళాలు దిగాయి. పద్నాలుగు మంది కూర్చుని చింతపండు పెట్టి తోముతుంటే వీధివీధంతా ఎర్రగా మెరిసింది. అరవైమూడు పాత్రలు లెక్కకొచ్చాయి.

"నా వయసంత!" అని మురిసిపోయింది కుళ్లాయమ్మ.

పైడిరాజు వాటిని ఒక్కొక్కటే పట్టుకుని మునిగి, నీళ్లొచ్చే గొట్టాల దగ్గర అడుగున బారుగా పేర్చాడు. పదిహేనో రోజు పొద్దున ఐదున్నరకు గట్టు మీద వంగాడు. అరవైమూడు రాగి పాత్రలు అడుగున వెలుగుతున్నాయి. వాటి మధ్య పగిలిన పలక కనబడింది. ఒకటి, రెండు, మూడు... ఏడు. "ఓలమ్మో!" అని బట్టలతోనే దూకేశాడు.

మందాకిని వచ్చి పట్టీ ముంచింది. లేత నీలం తిరిగింది. "సున్నా పాయింటు మూడు," అంది నమ్మలేనట్టుగా. అంతటితో ఆగలేదు. జీపు డ్రైవరును అటు తిరిగి నిలబడమని చెప్పి, చెప్పులు విడిచి, కుళ్లాయమ్మ చెయ్యి పట్టుకుని నీళ్లలో దిగింది. ఇద్దరూ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచారు. రిపోర్టులో ఏం రాసిందో గానీ, ఫంక్షను హాలు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కథ ఇక్కడితో ఐపోతే అది మామూలు ఊరు. ఎండగుంట సంగతి పైకి తెలిసింది కదా, ఇలాంటి పొరపాటు మరెక్కడా జరక్కూడదని పైనుంచి వివరణ మెమో వచ్చింది.

"సందేహనివృత్తి నిమిత్తము తెలియజేయునది ఏమనగా, ఇకమీదట అన్ని శాఖల యందును, అన్ని సందర్భముల యందును, ‘రాగి’ అను పదమునకు లోహమనియే అర్థము చేసికొనవలెను. ఉల్లంఘన తీవ్రముగా పరిగణించబడును."

మెమో అందిన మూడో రోజున ప్రభుత్వ హాస్టలుకు సరుకులు వచ్చాయి. వారానికి రెండుసార్లు పెట్టే రాగి జావ కోసం ఇరవై చుట్టల కరెంటు తీగ. వంటమనిషి లబలబలాడుతూ ఆఫీసుకు పరిగెత్తింది. తీగను సన్నగా తరగవలసిందని పెంచలయ్య సలహా ఇచ్చాడు.

ఐదో రోజున కుళ్లాయమ్మకు నోటీసు. ఆమె నీళ్లలో పదిహేడో చుట్టు నడుస్తుంటే పెంచలయ్య మనిషి గట్టు మీద పెట్టి పోయాడు. పైడిరాజు చదివి వినిపించాడు.

"మీ భోజనశాల ఫలకముపై ‘రాగి సంగటి’ అని యుండగా, నమూనా పరీక్షలో రాగి లోహము బొత్తిగా లేదని తేలినందున, దీనిని కల్తీగా ఏల పరిగణించరాదో ఏడు దినములలో సంజాయిషీ..."

"వీండ్ల నోట్లో మన్ను పడ!" కుళ్లాయమ్మ నీళ్లను అరచేత్తో ఫెడీల్మని కొట్టింది. "సంగట్లో బిందె లేదంటనా? ఇప్పుడేం జేయల్లప్పా రాజూ?"

పైడిరాజు నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేక గట్టు మీద చతికిలబడి నవ్వాడు. కళ్లు తుడుచుకుని, చాలా నెమ్మదిగా, చాలా గౌరవంగా చెప్పాడు.

"ఏటీ సెయ్యక్కర్లేదమ్మా. బోర్డు మీద సోళ్లని రాయించీండి. ఆ మాటకి ఆళ్ల కాడ సర్క్యులరు లేదు."

కుళ్లాయమ్మ ఒక్క క్షణం ఆలోచించి, గబగబా మెట్లెక్కి, తడిబట్టల మీదే తువ్వాలు కప్పుకుని పెయింటరు కోసం వెళ్లిపోయింది. చేతికర్ర గట్టు మీదే మర్చిపోయింది. పైడిరాజు ఆ కర్ర తీసుకుని గేటు దాకా పరిగెత్తాడు. కేక వేయబోయి, ఆమె నడుస్తున్న తీరు చూసి, వేయకుండా నిలబడ్డాడు.

వారం తిరిగేసరికి ఊళ్లో బోర్డులన్నీ మారాయి. చోడి సంగటి, చోడి జావ, చోడి మురుకులు. హాస్టలు సరుకుల ఇండెంటులోనూ పెంచలయ్య చేతిరాతతోనే 'చోళ్లు' అని పడింది.

ఒక మధ్యాహ్నం పైడిరాజు మెస్సులో తింటుండగా కమిషనరు ఓబుళపతి లోపలికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, మూల బల్ల దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, ఒక చోడి సంగటి."

"వినపడలా సార్. ఇంగొకసారి చెప్పండి," అంది కుళ్లాయమ్మ, పొయ్యి ముందు నిలబడి తెడ్డు తిప్పుతూ.

"చోడి సంగటి!" అన్నాడాయన గట్టిగా. బస్టాండు దాకా వినబడింది. పైడిరాజు పళ్లెంలోకి చూస్తూ నవ్వు దాచుకున్నాడు. ఇన్నాళ్లకు ముద్ద హాయిగా గొంతు దిగింది.

కమిషనరు రెండు ముద్దలు తిని, నీళ్లు తాగి, సంచీలోంచి కొత్త కాగితం ఒకటి తీశాడు. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అనుమానంగా పైడిరాజు వైపు వంగాడు.

"పైడిరాజూ, నాలుగో పద్ధతికి ఉత్తర్వు వచ్చింది. ఈసారి పొరపాటు జరగడానికి వీల్లేదు. మీ వైపు ఉప్పును ఏమంటారు?"

"ఉప్పేనండి బాబూ."

"బిందెలూ అవీ చేసే ఉప్పు వేరే ఏమీ లేదు కదా?"

"లేదండి. కూరలో ఏసుకునే ఉప్పేనండి."

"అమ్మయ్య!" కమిషనరు తృప్తిగా జేబులోంచి కలం తీశాడు. "మోతాదు గ్రాముల్లో ఇచ్చారు. మన మర్యాదకి ఎన్ని లారీలు రాయమంటావు?"